పద్నాలుగు కంప్యూటర్లు మూగబోయిన ఉదయం

కంప్యూటర్లు బాగుచేస్తూ ముప్పై ఏళ్లు గడిపిన మనిషి ఎదురైతే కుర్రాళ్లు ఎక్కువగా రెండు ప్రశ్నలు అడుగుతారు. ఏ ల్యాప్‌టాప్ కొనుక్కోమంటారు అనేది మొదటిది. కాస్త విషయం తెలిసినవాళ్లయితే రెండోది కూడా అడుగుతారు: "అంకుల్, మామూలు జనం వాడుకునే కంప్యూటర్లలో లైనక్స్ ఎప్పటికైనా విండోస్‌తో పోటీపడగలదంటారా?" లైనక్స్ అంటే విండోస్‌లాగే కంప్యూటర్‌ను నడిపించే సాఫ్ట్‌వేర్, కాకపోతే ఉచితం, ఎవరైనా విప్పి మార్చుకోవచ్చు. మొదటిదానికి నా దగ్గర జవాబు లేదు. ఆర్నెల్లకోసారి మారిపోతుంది. రెండోదానికి జవాబుంది కానీ, అది చెప్పాలంటే నేను చేసిన ఒక తెలివితక్కువ పని కూడా చెప్పుకోవాలి. అందుకే ఇన్నాళ్లూ మాట దాటేస్తూ వచ్చాను. ఇప్పుడు ఉద్యోగమూ లేదు, పోవడానికి పరువూ పెద్దగా మిగల్లేదు. చెప్పేస్తాను.

సికింద్రాబాద్‌లో ఒక సర్వీస్ సెంటర్లో ఇరవై ఏళ్లకు పైగా పనిచేశాను. అది మూతపడ్డాక, బోయిన్‌పల్లి దగ్గర ఒక ట్రస్టు నడిపే శిక్షణ కేంద్రంలో ల్యాబ్ ఇన్‌ఛార్జిగా చేరాను. చూపులేని వాళ్లకు కంప్యూటర్ నేర్పే చోటు అది. విద్యార్థులకు పద్నాలుగు కంప్యూటర్లు, నా బల్ల మీద ఒకటి, ఒక ప్రింటర్, వాటికి కాపలాగా నేను. పాఠం చెప్పేది మాత్రం నేను కాదు. ఒక మేడమ్ చెప్పేవారు.

ఆవిడకు పుట్టుకతోనే చూపు లేదు. అప్పటికి ముప్పై అయిదేళ్లుంటాయి. తెర మీద ఉన్నదాన్ని పైకి చదివి వినిపించే ప్రోగ్రామ్ ఒకటి ఉంటుంది, స్క్రీన్ రీడర్ అంటారు. చూపులేని వాళ్లు దాన్ని వింటూనే కంప్యూటర్ మీద సమస్తం చేస్తారు. మేడమ్ ఆ గొంతును ఎంత వేగంగా పెట్టుకునేవారంటే, పక్కన నిలబడ్డ నాకు పోపులో ఆవాలు చిటపటలాడినట్టు వినిపించేదే తప్ప ఒక్క మాట కూడా అర్థమయ్యేది కాదు. ఆవిడ మాత్రం అది వింటూ, టైప్ చేస్తూ, మధ్యలో వెనక బెంచీలో గుసగుసలాడే వాళ్లను పేరు పెట్టి మందలించేవారు.

చేరిన మొదటి నెలలో నేను ఆవిడకు సాయం చేయబోయి రెండు మూడుసార్లు భంగపడ్డాను. "సార్, మీరు మౌసు పట్టుకోకుండ్రి. నేను యాడున్ననో నాకే తెలుస్తలేదు" అని నవ్వారు ఒకసారి. అప్పట్నుంచి అడిగితే తప్ప చెయ్యి పెట్టడం మానేశాను.

అంతా బాగానే నడుస్తుండగా విండోస్ కొత్త వెర్షన్ వచ్చింది. పాతదానికి భద్రతా అప్‌డేట్లు ఆగిపోయే రోజు దగ్గరపడింది. మా కంప్యూటర్లు ఎవరో దయగల ఆఫీసువాళ్లు తమకు పాతబడ్డాయని ఇచ్చినవి. కొత్త వెర్షన్ ఎక్కించబోతే, ఈ యంత్రానికి అర్హత లేదని పద్నాలుగింటి మీదా ఒకటే జవాబు వచ్చింది.

కేంద్రం వ్యవహారాలు చూసే పెద్దాయన సైన్యంలో పనిచేసి రిటైరైనవాడు. చెప్పాల్సింది రెండు మాటల్లో చెప్పమనేవాడు. మా ఇద్దరినీ పిలిచి, "కొత్తవి కొనడం ముష్కిల్. ఉన్నవాటితో ఏం చేయొచ్చు?" అన్నాడు.

"వీటి పని అయిపోయిందండీ" అన్నాను నేను.

"కంప్యూటర్లు మంచిగనే ఉన్నయి సార్" అన్నారు మేడమ్. "వాటి మీద ఉన్నది పాతదైంది. తీసేసి లైనక్స్ ఎక్కిద్దాం. నేను ఇంట్ల నాలుగేండ్లసంది అదే వాడుతున్న."

నాకు ఒళ్లు మండింది. ఈ విషయంలో నిర్ణయం చెప్పాల్సింది నేను కదా. "అది ప్రోగ్రామర్లు వాడుకునేది మేడమ్. మనవాళ్లకు కష్టమైపోద్ది. ప్రింటర్ పనిచేయదు, తెలుగు సరిగా రాదు. రేపు ఏదన్నా పాడైతే ఎవర్నని అడుగుతామండీ?"

"మిమ్ముల్నే అడుగుతం. మీరున్నరు గద."

పెద్దాయన నవ్వి ఫైలు మూసేశాడు. అంటే నిర్ణయం అయిపోయిందని అర్థం.

ఆ వారంలోనే ఎక్కించాం. ఇక్కడ నిజాయితీగా కొన్ని సంగతులు చెప్పాలి, లేకపోతే మీరు నన్ను లైనక్స్ భక్తుణ్ని అనుకుంటారు. మా ప్రింటర్ దానితో మాట కలపడానికి పదకొండు రోజులు తీసుకుంది. ఆఫీసులో పాత తెలుగు ఫాంట్లతో టైప్ చేసుకున్న ఉత్తరాలన్నీ అందులో తెరిస్తే పిచ్చిరాతల్లా కనిపించాయి. పై అంతస్తులో ఆఫీసు పని చేసుకునే క్లర్కు గారు ఒక పూట చూసి, దణ్ణం పెట్టి, తన కంప్యూటర్ జోలికి రావద్దన్నారు. ఆవిడ అన్నది సబబే. ఆవిడ వాడే సాఫ్ట్‌వేర్‌కు లైనక్స్‌లో సాటి లేదు. ఆ గది విండోస్‌తోనే ఉండిపోయింది.

మరోపక్క, తీసి పారేయాల్సినవి అని నేను తేల్చేసిన ఆ పద్నాలుగూ స్విచ్చి వేయగానే లేచి కూర్చునేవి. ఇంతకు ముందు ఒక్కో కంప్యూటర్ మేలుకునేలోపు నేను బయటికెళ్లి టీ తాగి వచ్చేవాణ్ని.

విద్యార్థుల్లో ఒకాయన మాత్రం మొదటిరోజు నుంచీ నా పక్షం. ముప్పై ఎనిమిదేళ్ల మనిషి. బోయిన్‌పల్లి మార్కెట్ నుంచి కూరగాయల లోడ్లు వేసుకుని ట్రాలీ ఆటో నడిపేవాడు. షుగర్ ముదిరి రెండేళ్లలో చూపు మొత్తం పోయింది. భార్య ఒక స్కూల్లో ఆయాగా చేస్తూ ఇల్లు నెట్టుకొస్తోంది. అందరిలోకీ తొందరగా ఉద్యోగం కావాల్సింది ఆయనకే.

"మేడమ్, బయట ఆఫీసులల్ల అందరు విండోసే వాడుతరు గద. మనకీ పంచాయితీ ఎందుకు?" అని క్లాసులోనే అడిగాడు.

"నీకు ఆటో నడుపుడు రాదా?" అన్నారు మేడమ్.

"ఏందా మాట? పదహారేండ్లు నడిపిన."

"ఒకే కంపెనీ ఆటోనా?"

"కాదు, నాలుగు బండ్లు మార్చిన."

"మరి మారినప్పుడల్లా మల్ల మొదటిసంది నేర్చుకున్నవా?"

అయినా ఆయన ఒప్పుకోలేదు. ఆయన బాధ నిజమైనదేనని మేడమ్‌కూ తెలుసు. అందుకే ట్రస్టుకు కొత్తగా వచ్చిన రెండు ల్యాప్‌టాప్‌లలో విండోస్ ఉంచి, వారానికి రెండు పూటలు అందరిచేతా వాటి మీద కూడా చేయించేవారు.

ఇక తెలుగు చదివే గొంతు సంగతి. లైనక్స్‌లో ఉచితంగా వచ్చే గొంతు మనిషి గొంతులా ఉండదు, ముక్కుతో మాట్లాడే యంత్రంలా ఉంటుంది. మన ఊళ్ల పేర్లు, ఇంటిపేర్లు, తెలుగులో రాసిన ఇంగ్లిష్ మాటలు ఎక్కడపడితే అక్కడ విరిచేసి చదివేది. మొదట్లో విద్యార్థులు నవ్వి నవ్వి కళ్లనీళ్లు పెట్టుకున్నారు. నేను "చూశారా" అన్నట్టు నిలబడ్డాను. మేడమ్ మాత్రం ఆ గొంతుకు పలకడం నేర్పే నియమాలు ఎక్కడున్నాయో వెతికారు. అవి ఒక మామూలు ఫైల్లో, ఎవరైనా చదివి మార్చుకోగలిగే అక్షరాల్లో ఉన్నాయి. తాళం లేదు, ఎవరి అనుమతీ అడగనక్కర్లేదు. రోజూ క్లాసయ్యాక అరగంట కూర్చుని ఒక్కో మాటే సరిదిద్దేవారు. ఆ జాబితా నేను చూశాను. నేరేడ్‌మెట్, యాప్రాల్, కంటోన్మెంట్, ఆధార్, సర్టిఫికెట్... మన బతుకులో రోజూ దొర్లే మాటలే, వరుసగా కొన్ని వందలు. తప్పు పలికిన చోట కీబోర్డు మీద వేళ్లు ఆపి, పిల్లవాడి చేత అప్పజెప్పించుకుంటున్నట్టు మళ్లీ మళ్లీ చదివించి వినేవారు.

ఆరు నెలలు గడిచేసరికి నేనూ మెత్తబడ్డాను. మెత్తబడటమే కాదు, లైనక్స్ నాకు బాగా వచ్చేసిందనుకున్నాను. ప్రమాదం అక్కడే మొదలైంది.

ఒక కంపెనీవాళ్లు ఫోన్లో వినియోగదారులకు జవాబులిచ్చే పనికి మా దగ్గర నుంచి మనుషుల్ని తీసుకుంటామన్నారు. పరీక్ష మా ల్యాబ్‌లోనే, మా కంప్యూటర్ల మీదే. ఉదయం పదిన్నరకు వాళ్ల అధికారిణి వస్తారు. ఫోన్లో విన్న ఫిర్యాదును టైప్ చేయడం, ఒక ఫారం నింపడం, వచ్చిన మెయిల్‌కు జవాబు రాయడం, ఇవీ పరీక్షలు. పద్నాలుగు మందీ కూర్చుంటారు. మా కేంద్రానికి అలాంటి అవకాశం రావడం అదే మొదటిసారి.

ముందురోజు విద్యార్థుల్ని తొందరగా ఇళ్లకు పంపేశాం. మేడమ్ కూడా వెళ్లిపోయారు. నాలుగు గంటలకు నేనొక్కణ్నే ల్యాబ్‌లో ఉన్నాను. రేపటి కోసం కంప్యూటర్లను కడిగిన గ్లాసుల్లా తయారుచేయాలనిపించింది. హార్డ్ డిస్కులు చిన్నవి, నిండిపోతున్నాయి. ఏమేం ఉన్నాయా అని చూస్తే, ప్రపంచంలో ఉన్న భాషలన్నిటి గొంతుల పేర్లూ ఒక మూటగా కనిపించాయి. నేనెన్నడూ పేరు వినని భాషలు. ఇవి మనకెందుకనుకున్నాను. ఇంకా ఇలాంటివే నాలుగైదు ఏరాను. నా కంప్యూటర్లో అర్థంకాని పేరుతో ఉన్న ఒక ఫోల్డర్‌ను కూడా పారేశాను.

లైనక్స్‌లో ఏదైనా తీసేయమంటే అది ఊరికే తీసేయదు. "దీన్ని తీస్తే దీని మీద ఆధారపడ్డ ఫలానావి కూడా పోతాయి, సరేనా?" అని జాబితా చూపించి అడుగుతుంది. పద్నాలుగు కంప్యూటర్ల దగ్గరా ఆ ప్రశ్నకు జవాబెవరిస్తారు? ఏమడిగినా సరే అనుకోమని ముందే చెప్పేసి, నా కుర్చీలోంచి లేవకుండా పద్నాలుగింటికీ ఒకేసారి ఆదేశం పంపాను. అలా పంపడం కొత్తగా నేర్చుకున్నాను. కాఫీ తాగినంత సేపట్లో అయిపోయింది. తర్వాత ఒక్కోదాన్నీ ఆపి, మళ్లీ ఆన్ చేసి చూశాను. అన్నీ చక్కగా లేచాయి, తెరలన్నీ వెలిగాయి. తృప్తిగా స్కూటర్ తీసుకుని నేరేడ్‌మెట్‌లో మా ఇంటికి వెళ్లిపోయాను.

నేను కళ్లతో పరీక్షించాను. ఆ ల్యాబ్‌లో ఎవరూ కళ్లతో పనిచేయరు. స్పీకర్లు రోజూ ఆపి ఉంచే అలవాటు నాది. ఆ గొంతు నాకు రొద.

మర్నాడు తొమ్మిదింటికే అందరూ వచ్చేశారు. ఇస్త్రీ బట్టలు, నూనె రాసి దువ్విన తలలు. ట్రాలీ ఆటో నడిపినాయన్ని భార్య గుమ్మం దాకా దిగబెట్టి, కాలర్ సర్ది వెళ్లింది. మేడమ్ "షురూ చేయండ్రి, పదినిమిషాలు చెయ్యి ఆడించుకోండి" అన్నారు. అందరూ హెడ్‌ఫోన్లు పెట్టుకుని స్విచ్చులు నొక్కారు.

ఒకరిద్దరు స్విచ్చులు మళ్లీ నొక్కి చూశారు. తర్వాత ఒకమ్మాయి, "కరెంటు పోయిందా?" అంది.

"లేదు. ఫ్యాన్ తిరుగుతున్నది గద" అన్నారెవరో.

"నాది మాట్లాడుతలేదు మేడమ్."

"నాది సుత."

పద్నాలుగు తెరలూ నా కళ్లముందు నిండుగా వెలుగుతున్నాయి. బొమ్మలు, ఫోల్డర్లు, టైము అన్నీ ఉన్నాయి. వాళ్లకు మాత్రం ఆ గదిలో ఒక్క కంప్యూటర్ కూడా లేదు.

ట్రాలీ ఆటో ఆయన హెడ్‌ఫోన్లు తీసి బల్లమీద పెట్టాడు. "నేను చెప్తనే ఉంటి" అన్నాడు. కోపంగా కాదు. అలసిపోయినట్టు అన్నాడు. అదే నాకు ఎక్కువ గుచ్చుకుంది.

ఆ క్షణంలో నేను చేసిన పని రాయడానికి ఇప్పటికీ సిగ్గుగా ఉంది. "అందుకే మేడమ్ నేను మొదటే వద్దన్నాను" అన్నాను. "ఈ లైనక్స్ ఇంతేనండి. దానంతటదే ఏదో మార్చుకుని ఉంటుంది." ఆ మాట అంటున్నప్పుడు నేను నిజంగానే దాన్ని నమ్మాను. సాయంత్రం చేసిన శుభ్రానికీ ఈ మౌనానికీ సంబంధం ఉంటుందని తట్టనే లేదు.

మేడమ్ లేచి మొదటి వరసకు వచ్చారు. మొదటి కంప్యూటర్ దగ్గర కూర్చుని, "సార్, మీరు నా పక్కన నిలబడండ్రి. తెర మీద ఏమున్నదో ఉన్నది ఉన్నట్టు చదువుండ్రి. పరేషాన్ కాకుండ్రి" అన్నారు.

మీలో ఎవరికైనా ఈ రంగంలో పనిచేయాలని ఉంటే ఆ ముప్పావుగంట మీరు చూసి ఉండాల్సింది. ఆవిడకు తెర లేదు, చెవిలో గొంతు కూడా లేదు. వేళ్లు మాత్రమే ఉన్నాయి. ఏ మీట నొక్కితే ఆదేశాలు రాసే నల్లటి కిటికీ తెరుచుకుంటుందో ఆ వేళ్లకు తెలుసు. ఆవిడ టైప్ చేయడం, నేను కనిపించింది చదవడం. శబ్దం వచ్చే దారి బాగానే ఉందని ముందు తేలింది. తర్వాత స్క్రీన్ రీడర్‌ను పలకరించారు. అది మేలుకునే ఉంది, చదువుతూనే ఉంది. దానికి గొంతు లేదంతే. మౌసుతో బొమ్మలు నొక్కుకుంటూ పోయే పద్ధతిలో అయితే ఆవిడ అక్కడే ఆగిపోవాల్సి వచ్చేది. ఇక్కడ ప్రశ్నా మాటల్లోనే, జవాబూ మాటల్లోనే. మాటలైతే పక్కవాడు చదివి వినిపించగలడు.

"గొంతు ఎట్ల పోయిందో చూద్దాం" అన్నారు. "ఇది ఏం పెట్టిన, ఏం తీసేసిన అన్ని రాసిపెట్టుకుంటది సార్."

ఇంకేదో టైప్ చేశారు. తెర మీద పెద్ద చిట్టా దిగింది.

"కింది నుంచి చదువుండ్రి."

చదవడం మొదలుపెట్టాను. నిన్నటి తేదీ. సాయంత్రం నాలుగు దాటి పది నిమిషాలు. ఆ టైముకు ల్యాబ్‌లో ఉన్నది నేనొక్కణ్నే. ఇచ్చిన ఆదేశం మొత్తం అక్కడుంది, ఒక్క అక్షరం కూడా పోకుండా. దాని కింద, ఆదేశం ఎవరిచ్చారు అన్నచోట నా పేరుంది. ఆ కింద, తీసేసినవాటి జాబితా. నేనెందుకూ పనికిరావనుకున్న ఆ భాషల మూటలోనే తెలుగు ఉంది, ఇంగ్లిష్ ఉంది. ఆ మూటతోపాటు దాని మీద ఆధారపడిన గొంతు మొత్తం పోయింది.

నేను ఆగిపోయాను.

గదిలో పదహారు మందిమి ఉన్నాం. ఆ తెర కనిపించేది నా ఒక్కడికే. ఆ ఒక్క లైను దాటేసి తర్వాతది చదివితే ఎవరికీ తెలియదు. ముప్పై ఏళ్ల అనుభవం, నా వయసు, అందాకా నేనన్న మాటలు అన్నీ ఆ లైను దగ్గరకొచ్చి నిలబడ్డాయి. ఎంతసేపు ఆగానో చెప్పలేను. నాకైతే చాలాసేపనిపించింది.

తర్వాత చదివాను. తేదీ, టైము, నా పేరు, జాబితా, అన్నీ.

"ఎవరు తీసిన్రంట మేడమ్?" అన్నాడు ట్రాలీ ఆటో ఆయన.

మేడమ్ నోరు తెరిచేలోపే, "నేనేనయ్యా" అన్నాను. "నిన్న సాయంత్రం శుభ్రం చేద్దామని తీసేశాను. అది నన్ను అడిగింది. నేను చదవలేదు."

మేడమ్, "మంచిగైంది, ఏం పోయిందో తెలిసిపోయింది. ఇగ తెచ్చుకునుడే. ఆ పేర్లు స్పెల్లింగ్‌తోని చెప్పుండ్రి" అన్నారు. ఆ గొంతులో వెటకారం వెతికాను. లేదు.

నేను చెప్పిన ఒక్కో పేరూ ఆవిడ టైప్ చేశారు. నెట్ నుంచి అవి మళ్లీ దిగుతుంటే ఎంత శాతం వచ్చిందో ఎప్పటికప్పుడు చదివి వినిపించాను. పదికి పది నిమిషాలు తక్కువుండగా మొదటి కంప్యూటర్ ముక్కుతో ఒక మాట పలికింది. రొద అనుకున్న ఆ గొంతును ఇంకోసారి వినిపించమని నేనే అడిగాను. ఆదేశాన్ని మిగతా పదమూడింటికీ పంపేముందు ఆవిడ, "ఈసారి అడిగింది చదివి వినిపియ్యుండ్రి" అన్నారు. పూర్తిగా చదివాను. "సరే" అన్నారు. పంపాను.

గొంతులు ఒక్కొక్కటే లేచాయి. అప్పుడు మేడమ్ తెలుగులో తమ ఇంటి అడ్రసు టైప్ చేసి విన్నారు. యాప్రాల్ అన్న మాటను అది మూడు ముక్కలు చేసి చదివింది. ఆర్నెల్లుగా ఆవిడ కూర్చి పెట్టుకున్న మాటలన్నీ ఆ మూటతోపాటే పోయాయి. ఆవిడ నా కంప్యూటర్లో దాచుకున్న అసలు ప్రతి, అర్థంకాని పేరని నేను పారేసిన ఫోల్డర్లో ఉండేది.

నేను చెప్పేలోపే ఆవిడకు అర్థమైపోయింది. చేతులు కీబోర్డు మీంచి తీసి ఒళ్లో పెట్టుకున్నారు. ఆ ఉదయం మొత్తంలో ఆవిడ ముఖం వాడిపోయింది అప్పుడొక్కసారే. తర్వాత లేచి, "సరే. ముందు పరీక్ష" అన్నారు.

పదిన్నరకు అధికారిణి వచ్చారు. లైనక్స్ అని వినగానే కాస్త అనుమానంగా చూశారు. తర్వాత ఒకమ్మాయి హెడ్‌ఫోన్ అడిగి తీసుకుని చెవికి పెట్టుకుని, "ఈ వేగంలో మీకు అర్థమవుతోందా?" అన్నారు. "ఇంకా స్లోగనే పెట్టిన మేడమ్, పొద్దున్నే సెట్టింగులు పోయినయి" అంది ఆ అమ్మాయి. తెలుగు పేర్లు తప్పుగా పలుకుతున్నా వాళ్లు తడబడలేదు. పాత తప్పులన్నీ వాళ్లకు గుర్తే. తప్పు వింటూనే సరైన మాట పట్టుకున్నారు. ముగ్గుర్ని తీసుకున్నారు. ట్రాలీ ఆటో ఆయన అందులో ఉన్నాడు. ఫిర్యాదు చేసే మనిషితో ఆయన మాట్లాడిన తీరు చాలా నచ్చిందట వాళ్లకు. పదహారేళ్లు మార్కెట్లో బేరాలు విన్న మనిషి కదా.

ఆ సాయంత్రం మేడమ్‌ను స్కూటర్ మీద యాప్రాల్‌లో దిగబెట్టాను. అప్పుడప్పుడూ అలా వెళ్తుండేవాళ్లం. దిగాక క్షమించమని అడిగాను.

"ఆ లైను కాడ ఆగిన్రు గద సార్" అన్నారు.

"తెలిసిందా మేడమ్?"

"ఎందుకు తెల్వది? చదివేటోళ్లు ఆగితే నాకు గోడ తగిలినట్టుంటది. దాటేస్తరేమో అనుకున్న."

"దాటేసి ఉంటే?"

"ఏముంది, గొంతు వచ్చినంక ఆ చిట్టా నేనే చదువుకుంటుంటి. అది యాడికీ పోదు గద." నవ్వుతూ మడతపెట్టిన తెల్లకర్ర తెరిచారు. "కానీ మీరు చదివిన్రు. గది చాలు. ఆ మాటలే పాయె, జెర తక్లీఫ్ అయితున్నది. మల్ల చెయ్యాలె."

మళ్లీ చేశాం. ఈసారి నేనూ పక్కన కూర్చున్నాను. ఆవిడ ఇంటి కంప్యూటర్లో ఉన్న పాత ప్రతిలో సగం మాటలే ఉన్నాయి. మిగతా సగం కోసం రెండు నెలలకు పైగా పట్టింది. ఆవిడ చెవిలో వినేది నేనూ స్పీకర్లో వినేవాణ్ని. క్రమంగా ఆవాల చిటపటలోంచి నాకూ మాటలు తెలియడం మొదలైంది. పూర్తయ్యాక ఆవిడ, "ఇది మన కాడనే ఉంటే మల్ల ఎవరన్న శుభ్రం చేస్తరు" అని, ఆ గొంతును తయారుచేసే వాళ్లకు మొత్తం పంపించారు. ఎక్కడో దూరదేశంలో ఉన్న ఒక మనిషి, తెలుగు ఒక్క ముక్క రానివాడు, జీతం లేని పనిగా దాన్ని చూసుకునేవాడు, నాలుగు రోజుల్లో జవాబు రాశాడు. రెండు సందేహాలు అడిగాడు. ఆవిడ తీర్చారు. కొన్నాళ్లకు వచ్చిన కొత్త వెర్షన్లో ఆ మాటలు వాటంతటవే సరిగా పలికాయి. మా ల్యాబ్‌లోనే కాదు, అది వాడే ప్రతిచోటా. నా సర్వీసులో కొన్ని వేల కంప్యూటర్లు బాగుచేసి ఉంటాను. వాటిలో ఒక్కటి కూడా అలా ఇంకొకరి ఇంట్లో దానంతటదే బాగుపడలేదు.

మీ ప్రశ్నకు వస్తాను. లైనక్స్ పోటీపడగలదా? అమ్మకాల్లో, ఇళ్లల్లో, ఆఫీసు బల్లల మీద చూస్తే, నాకు తెలిసినంతలో ఇంకా చాలా వెనకే ఉంది. పై అంతస్తు క్లర్కు గారిని నేను ఇప్పటికీ ఒప్పించలేను, ఒప్పించాలనీ లేదు. ఆవిడ పని ఆగకుండా జరగడమే ముఖ్యం. విండోస్ వెనక ఎంతోమంది తెలివైనవాళ్ల శ్రమ ఉంది, దాన్ని చులకన చేయను. ఇరవై ఏళ్లు దాని అన్నం తిన్నాను. కానీ తీసిపారేయమన్న యంత్రాల మీద, చూపులేని ఒక టీచర్ పోయిన గొంతును ముప్పావుగంటలో వెనక్కి తెచ్చిన రోజున పక్కనే నిలబడి చూశాను. ఆవిడ దాని యజమానిలా పనిచేశారు. లైనక్స్ తప్పు చేసిందని నేను అరిచాను. అది మాత్రం నేను చేసిందంతా దాచకుండా రాసి పెట్టి, అడగ్గానే చూపించింది.

ట్రాలీ ఆటో ఆయన ఉద్యోగంలో చేరిన రెండో వారంలో నాకు ఫోన్ చేశాడు. అక్కడ అన్నీ విండోస్ కంప్యూటర్లే. రెండు రోజుల్లో అలవాటైపోయాయట, గొంతు కూడా మనిషి గొంతులా తియ్యగా ఉందట. మొదటి జీతానికి భార్యను తీసుకుని హోటల్‌కు వెళ్లొచ్చాడట. ఇవన్నీ ఉత్సాహంగా చెప్పాడు. తర్వాత కాస్త గొంతు తగ్గించాడు.

"నిన్న నా కంప్యూటర్ల ఆవాజ్ బందైంది సార్. నేను చూస్త అన్న. వద్దంట. ఏమన్న ఖరాబైతే ఐటీ డెస్కుకు ఫోన్ కొట్టాలంట, మనం ముట్టుకోవద్దంట. గంటసేపు చేతులు కట్టుకొని కూసున్న."

"ఆఫీసులో అంతేనయ్యా. వాళ్ల రూల్స్ వాళ్లకుంటాయి" అన్నాను.

"గది కరెక్టే సార్. కానీ ముట్టుకోకుంటే మాకేం తెలుస్తది?"